దేవుని డబ్బా

అమ్మ చనిపోయిన నలభై దినాలకు పెట్టిన ప్రార్థన కూడిక ముగిసి, షామియానా వాళ్ళు కుర్చీలు ఎత్తుకొని పోయినాక, బేతంచెర్లలో ఆ రెండు గదుల ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలినాను. కడపలో బ్యాంకులో పనిచేసే నా కొడుకు, "పాత సామానంతా ఎవరికైనా ఇచ్చేయ్ మా, కర్నూలుకు మోసుకొని పోవద్దు" అని ఒకటికి రెండుసార్లు చెప్పి కారెక్కినాడు. ఏముందని మోసుకొని పోయేదానికి? నాలుగు చీరలు, అట్ట ఊడిన బైబిలు, ఒక కంచం, కళ్ళజోడు. అవన్నీ ఒక పక్కన పెట్టి, మంచం కిందికి చీపురు తోసి లాగితే ఆ డబ్బా బయటికొచ్చింది. నీలం రంగు పూసిన రేకు డబ్బా. రంగు సగం పోయింది గానీ, మూత మీద మా నాయన ఉలిమొనతో గీకి రాసిన అక్షరాలు పోలేదు. 'దేవునిది' అని. దాన్ని చూడంగానే నాకు ఒళ్ళు మండింది. అరవై దాటినదాన్ని, ముప్పై ఏండ్లు బళ్ళో పిల్లలకు బుద్ధులు చెప్పినదాన్ని, ఒక రేకు డబ్బాను కాలితో తన్నినాను. అది పోయి గోడకు కొట్టుకొని మూలన పడింది. ఇది రాసుకునేదానికి నాకు సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

మా సంగతి తెలియనోళ్ళకు కొంచెం చెప్పాల. మా పేటలో కిరస్తానం పుచ్చుకున్న ఇండ్లల్లో, పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఆడమనిషి ఒక పిడికెడు బియ్యం తీసి వేరే పోస్తుంది. వండబోయేదాంట్లోంచే తీయాల, తిన్నాక మిగిలినదాంట్లోంచి కాదు. ఏడాదంతా అట్లా కూడిన బియ్యాన్ని కోతపండుగ రోజు చర్చికి తీసుకుపోయి పాస్టరు అయ్యగారి ముందర పోస్తారు. అయ్యగారు దాన్ని ముసలోళ్ళకు, దిక్కులేనోళ్ళకు పంచుతాడు. మంచి ఆచారమే, నేను కాదనను. కానీ మా ఇంట్లో ఒక చిక్కు ఉండేది. మేము తినేది జొన్నరొట్టె, సంగటి, కొర్రబువ్వ. వరిబువ్వ ముఖం చూసేది క్రిస్మసుకు, లేకుంటే చుట్టం వస్తే. మరి జొన్నలు తినే ఇంట్లో దేవునికీ జొన్నలే గదా తీయాల్సింది? అమ్మ ఒప్పుకునేది కాదు. "మనం తినే జొన్నలు తీసుకుపోయి దేవుని ముందర పోస్తారా ఎవరన్నా? మర్యాద ఉండొద్దా?" అనేది. కూలికి వచ్చిన జొన్నల్లో కొన్ని అంగట్లో మార్చి బియ్యం తెచ్చి, రొట్టె తట్టే ముందర కండ్లు మూసుకొని ఆ బియ్యం పిడికెడు డబ్బాలో పోసేది. మా నాయన నవ్వేవాడు. "ఏం మేరమ్మా, మీ దేవునికి సంగటి అరగదా?" "ఊరుకోబ్బా, పిల్లోళ్ళు వింటాండారు" అని ఆమె కూడా నవ్వేది. మేము రొట్టె నములుతా ఆ డబ్బా దిక్కు చూసేవాళ్ళం. మా ఇంట్లో మాకంటే బాగా తినే మనిషి ఎవరయ్యా అంటే దేవుడే.

మా నాయన పేరు యేసురత్నం. రత్నప్ప అనేవాళ్ళు అందరూ. నాపరాళ్ళ గనిలో పదిమంది కూలోళ్ళ మీద మేస్త్రీ. పొద్దుగూకి ఇంటికొచ్చేటప్పటికి తలా, కనుబొమ్మలూ, చెవుల్లో వెంట్రుకలూ పిండిలో పొర్లినట్టు తెల్లగా ఉండేవి. అమ్మ ఆయనను గడప దగ్గరే నిలబెట్టి, పొరకతో చొక్కా దులిపి గానీ లోపలికి రానిచ్చేది కాదు. తడిసిన రాతిపొడి వాసన, బీడీ వాసన, చెమట వాసన, ఈ మూడూ కలిస్తే మా నాయన వాసన. నీళ్ళు పోసుకొని వాకిట్లో బట్టలుతికే బండ మీద కూర్చొని, నా తమ్ముణ్ణి ఒళ్ళోకి తీసుకునేవాడు. వాని పేరు ఇమ్మానుయేలు. ఇమ్మూ అనేవాళ్ళం. ఐదేండ్లోడు, నాకంటే ఆరేండ్లు చిన్న. నాయన మాకిద్దరికీ చిన్న సుత్తి ఇచ్చి బండ మీద కొట్టమనేవాడు. బండ గంట మాదిరి ఖంగుమనేది. "రాయి అబద్ధం చెప్పదు పాపా. లోపల మంచిగుంటే ఖంగుమంటాది. పగులుంటే డొల్లగా పలుకుతాది. మనం అడగాల, అంతే" అనేవాడు. మా ఇంట్లో ఉన్న రాయి అదొక్కటే. ఎవరెవరి ఇండ్లల్లోనో పరిచే బండలు కోసే మనిషి ఇంట్లో పేడతో అలికిన మట్టినేల. అమ్మకు బండల నేల అంటే చెప్పలేనంత ఆశ. ఎవరింటికన్నా పెండ్లికి పోతే, చెప్పులు విడిచి, ఎవరూ చూడకుండా అరికాలు ఆ చల్లటి బండకు రుద్దుకుంటా నిలబడేది. ఆమె పక్కన నిలబడి నేనూ రుద్దేదాన్ని.

నాయన కింద పనిచేసేవాళ్ళలో నాగన్న అని ఒకాయన ఉండేవాడు. బనగానపల్లె పక్క పల్లె ఆయనది. కొత్తగా పెండ్లయినోడు. పెండ్లాం లచ్చుమమ్మ పుట్టింటికి పోయినప్పుడల్లా మా ఇంట్లోనే తినేవాడు. గనిలో ఒక పక్క రాయి ముందుకు పొడుచుకొని వచ్చి, కింద పని జరుగుతూ ఉండేది. నాయన సుత్తితో అడిగి చూసినాడంట. డొల్లగా పలికిందంట. "దాని కింద మనుషులను పెట్టొద్దు సామీ" అని యజమానికి చెప్పినాడు. "ఈ లారీ నిండనీ, చూద్దాంలే" అన్నాడాయన. మళ్ళీ చెప్పినాడు. మళ్ళీ అదే మాట. మూడోనాడు మిట్టమధ్యాన్నం ఆ రాయి నాగన్న మీద పడింది. నాయన ఆ పొద్దు ఇంటికొచ్చినప్పుడు అమ్మ చొక్కా దులపలేదు. తెలుపు మీద ఎరుపు ఉంది కాబట్టి.

మరుసటిరోజు యజమాని జీపులో మా ఇంటికి వచ్చినాడు. అంత పెద్ద మనిషి మా బట్టల బండ మీద కూర్చున్నాడు. మాట మెత్తగానే మాట్లాడినాడు. "పోయినోడు ఎట్లాగూ తిరిగి రాడు రత్నప్పా. వాడు తాగొచ్చినాడు, పోవద్దన్నా వినకుండా రాతి కిందికి పోయినాడు, అని ఒక్క మాట చెప్పు చాలు. నీకు బండల ఇల్లు కట్టిస్తా. నీ పిల్లోళ్ళను కర్నూల్లో చదివిస్తా." లోపల అమ్మ రొట్టె తడతాంది. ఆ తట్టే చప్పుడు టక్కున ఆగిపోయింది. నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నది ఆ చప్పుడు కాదు, ఆగిపోవడం. బండల నేల! నేను లోపల్లోపల ప్రార్థన చేసినాను, నిజంగా చేసినాను, నాయన ఊ అనాలని. నాయన ఇంటి దిక్కు చూసినాడు. అమ్మ పిండి చేతులతోనే గడప దగ్గరికి వచ్చింది. "నాగన్న ఆ పొద్దు మా ఇంట్లోనే రొట్టె తిని పోయినాడు సామీ. నా చేత్తో పెట్టినా. తాగలేదు" అనింది. అంతే. ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. "సరే, మీ దేవుడే చూసుకుంటాడులే మిమ్మల్ని" అని జీపెక్కినాడు. నాయన ఉన్నది ఉన్నట్టు అధికారుల ముందర చెప్పినాడు. లచ్చుమమ్మకు ఏదో కొంత ఆసరా దొరికింది. మా నాయనకు మాత్రం ఆ చుట్టుపక్కల ఏ గనిలోనూ పని దొరకలేదు.

తర్వాత దినాలు ఎట్లా గడిచినాయో చెప్పాలంటే నాకు నోరు చేదెక్కుతాది. నాయన బావులు తవ్వే పనికి బద్వేలు దిక్కు పోయినాడు. అమ్మ వేరుశెనగ బుడ్డల చేలల్లో కలుపుకు పోయేది. పొద్దున రొట్టె ఉంటే మాపుకు ఉండేది కాదు. అటక మీద దేవుని డబ్బా మాత్రం నాయనకు పనున్న దినాల్లో పోసిన బియ్యంతో నిండి మూతదాకా ఉంది. కోతపండుగకు ఇంకా టైముంది. అప్పుడు ఇమ్మూకు జ్వరం వచ్చింది. వారం దాటినా దిగలేదు. రొట్టె మింగలేడు, సంగటి చూస్తే వాంతి. "బువ్వ కావాల మా, తెల్ల బువ్వ" అని గొణుగుతాడు. నేను బడికి బయలుదేరుతా అమ్మను అడిగినాను, "ఆ డబ్బాలోంచి పిడికెడు తీసి గంజి కాంచు మా" అని. "అది మనది కాదు పాపా" అనింది. "మనమే పోసినాం గదా?" "పోసినాంక మనది కాదు." నేను ఏడుస్తా బడికి పోయినాను. సాయంత్రం వచ్చి చూస్తే డబ్బా నిండుగా అట్లే ఉంది. మూత తీసి మరీ చూసినాను. మూడోనాడు తెల్లారుజామున, కబురంది వచ్చిన నాయన ఇమ్మూను భుజాన వేసుకొని కర్నూలు పెద్దాసుపత్రికని స్టేషనుకు పరిగెత్తినాడు. రైలు వచ్చేలోపలే, ప్లాట్‌ఫారం మీదే, నాయన భుజం మీదే వాడు పోయినాడు.

వాని సమాధికి రాయి కావాల. రాళ్ళ ఊర్లో మా నాయనకు రాయి ఇచ్చేవాడు లేడు. అందుకని వాకిట్లో బట్టలుతికే బండను తవ్వి లేపి, దాని మీదే ఉలితో సిలువ చెక్కి, పేరు చెక్కి, నెత్తిన పెట్టుకొని పోయినాడు. అయ్యగారు ప్రార్థన చేసినాడు. అందరూ మన్ను వేసినారు. నా చేతికి మన్ను ఇచ్చినప్పుడు నేను వేయలేదు. పదకొండేండ్ల పిల్లను, నలుగురిలో అమ్మ దిక్కు తిరిగి అరిచినాను. "తమ్మునికి పెట్టకుండా దేవునికి దాచినావు. తిన్నాడా నీ దేవుడు? కడుపు నిండిందా ఆయనకు?" ఆడోళ్ళు నా నోరు మూసినారు. అమ్మ ఒక్క మాట అనలేదు. పక్కన లచ్చుమమ్మ నిలబడి ఉంటే ఆమె చెయ్యి పట్టుకొని నేలచూపులు చూస్తా ఉండిపోయింది. తప్పు చేసిన మనిషి గనక నోరు లేవలేదు అనుకున్నాను. ఆ అనుకోవడం మీదే యాభై ఏండ్లు బతికినాను నేను.

తర్వాత అయ్యగారు నన్ను కర్నూలు హాస్టల్లో చేర్పించినాడు. చదువుకున్నాను, టీచరునైనాను, పెండ్లి చేసుకున్నాను. అమ్మ దగ్గరికి పండక్కి పండక్కి పోయి వచ్చేదాన్ని, చుట్టం మాదిరి. ఇమ్మూ పోయినప్పటి నుంచి అమ్మ వరిబువ్వ ముట్టలేదు. నా కొడుకు పెండ్లిలో అందరూ బిర్యానీ తింటా ఉంటే ఈమె కొంగులో కట్టుకొచ్చిన రొట్టె తినింది. "నన్ను నలుగురిలో తలదించుకునేలాగ చేయాలనే గదా నీకు?" అని అరిచినాను. "నాకు పడదులే పాపా" అనింది. మొండితనం అనుకున్నాను. నాయన పోయినాక కర్నూలుకు వచ్చి నాతోనే ఉండమంటే కూడా ఒప్పుకోలేదు. నా ఇంట్లో అద్దం లాంటి బండల నేల, ఆమె ఆశపడిన నేల. ఒక్కసారి వచ్చి, చెప్పులు విడిచి, అరికాలు రుద్దుకోకుండానే నడిచిపోయింది. అప్పుడు నాకు కోపమొచ్చింది గానీ, ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాల. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు, కొత్తగా కట్టిన తరగతి గది ఒకటి బాగుందని సంతకం పెట్టమన్నారు. గోడను వేళ్ళతో తట్టి చూసినాను. డొల్లగా పలికింది. అయినా పెట్టినాను. పెట్టకుంటే నన్ను దూరం బదిలీ చేస్తారని భయం. ఆ గోడ కూలలేదు, ఎవరికీ ఏమీ కాలేదు, నా అదృష్టం. వాన పడినప్పుడల్లా ఆ గది నాకు గుర్తొస్తాది. అమ్మను ఒక్క బియ్యం డబ్బా కోసం జీవితమంతా తప్పు పట్టిన నేను, ఆమె పిండి చేతులతో గడప దగ్గర నిలబడి చెప్పిన ఆ ఒక్క మాట లాంటిది నా బతుకులో ఒక్కటి కూడా చెప్పలేదు.

డబ్బాను తన్ని, మంచం మీద కూలబడి, ఇదంతా తలుచుకుంటా ఉంటే వాకిట్లో ఎవరో దగ్గినారు. లచ్చుమమ్మ. డెబ్బై దాటి ఉంటాది. కర్ర పట్టుకొని, వంగిపోయి వచ్చింది. మా పేటకు రెండు వీధుల అవతల, నాగన్న పోయినాక పుట్టిన కొడుకు దగ్గర ఉంటాది.

"కూడికకు జనం శానామంది ఉంటారని నిన్న రాలేదు పాపా. మోకాళ్ళు లేస్తాలేవు" అని గడపలోనే కూర్చుంది. చీర కొంగులో ఏదో మూట ఉంది. దాన్ని ముందర పెట్టి, "ఇది ఆరు వారాలది. మీయమ్మ పోయినాంక యాడ పొయ్యాల్నో తెలీక ఇంట్లోనే పెట్టుకోనుండా" అనింది. ముడి విప్పితే బియ్యం.

"ఏందత్తా ఇది?"

"మీయమ్మ చెప్పలేదా నీకు?" అని నా మొగం దిక్కు చూసింది. "చెప్పి ఉండదులే. ఆయమ్మ చెప్పదు. పిల్లోడు జరంలో ఉన్నప్పుడు నువ్వు ఆ పొద్దు బడికి పోయినావు. నేను పిల్లోణ్ణి చూసిపోదామని వచ్చినా. మీయమ్మ డబ్బా కిందికి దించి ముందర పెట్టుకోని ఏడుస్తాంది. మూత మింద చెయ్యి పెడతాది, తీసుకుంటాది. 'నా వల్ల కాలేదు లచ్చుమమ్మా' అనింది. నా మొగుడు తాగుబోతు కాదని చెప్పినందుకు గదా ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోయింది, నాకు కడుపు రగిలిపాయె. 'నీ దేవుడు నీకు గదా, నాకేం కాడు. నేను తీస్తా, పాపమొస్తే నాకే రానీ' అని మూత నేనే తీసినా. ఇద్దరం గంజి కాంచినాం. పిల్లోడు రెండు గరిటెలు తాగి, ఇంకా పొయ్యమన్నాడు. మాపటికల్లా నా ఇంట్లో ఉన్న బియ్యం తెచ్చి, నువ్వు బడి నుంచి వచ్చేలోపల నింపేస్తి. మూడో దినం పిల్లోడు పాయె."

లచ్చుమమ్మ చేతి వేళ్ళతో బియ్యాన్ని సరిచేస్తా చెప్తానే ఉంది.

"దేవునిది ముట్టినందుకే బిడ్డను తీసుకున్నాడని మీయమ్మ అనుకునింది. నా చెయ్యి పడినందుకేమో అని నేననుకుంటి. ఒకరితో ఒకరం చెప్పుకోలేదు ఈ మాట. అప్పట్నుంచి నేనూ ఇంట్లో ఎసరు పెట్టినప్పుడంతా పిడికెడు తీస్తాండా. వారానికొకసారి తెచ్చిస్తే మీయమ్మ ఆ డబ్బాలో పోసుకునేది. ఆయమ్మ బువ్వ మానింది, నేను ఇది పట్టుకున్నా. సమాధుల కాడ నువ్వు అంతేసి మాట అంటివే, నేను చెప్దామని నోరు తెరిస్తి పాపా. మీయమ్మ నా చెయ్యి పట్టుకోని గట్టిగా నొక్కింది. దేవుని బియ్యం నేను తీసినానని తెలిస్తే మీవాళ్ళు నన్ను పేటలోకి రానియ్యరని." బియ్యం మీంచి చూపు ఎత్తి, "నీకు నా మింద కోపమా?" అనింది.

"అది విషజ్వరం అత్తా" అన్నాను. "గంజి తాగినా పోయేవాడే, తాగకున్నా పోయేవాడే. నీ చెయ్యీ కాదు, అమ్మ చెయ్యీ కాదు. అప్పుడు దానికి మందు సమయానికి అందలేదు, అంతే. దేవుడు గంజినీళ్ళకు పిల్లలను తీసుకుంటాడా ఎక్కడన్నా?"

"అట్లనా?" అనింది లచ్చుమమ్మ. కండ్లు తుడుచుకుంది. "చదువుకున్నదానివి, నీకు తెలుస్తాది. ఈ మాట మీయమ్మకు ఎవురన్నా చెప్పుంటే బాగుండు."

ఆమె నన్ను పొడవాలని అనలేదు. మామూలుగానే అనింది. యాభై ఏండ్లు పండక్కి పండక్కి వచ్చి, కాలు మీద కాలు వేసుకొని ఆమె ముందర కూర్చున్నాను. ఒక్కసారన్నా, ఎందుకమ్మా బువ్వ తినవు, అని కోపం లేకుండా అడిగి ఉంటే చెప్పేదేమో. చెప్పి ఉంటే ఈ ఒక్క ముక్క నేను చెప్పేదాన్ని. ఒక్క పూటన్నా కడుపునిండా తెల్లబువ్వ తిని పోయేది. ఆమెకు నా క్షమాపణ అక్కర్లేదు, నేను చేసే కూడికలూ అక్కర్లేదు. ఆమెకు కావాల్సిన మాట నా దగ్గరే ఉండె, నేను మోసుకొని తిరుగుతా ఉంటి. ఏడ్చినాను. లచ్చుమమ్మ నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

తర్వాత ఆమె కర్ర ఆనించుకొని లేస్తా, "డబ్బా యాడుంది పాపా? పోసి పోతా" అనింది. మూలన పడి ఉన్న డబ్బాను తెచ్చినాను. నేను తన్నిన చోట సొట్ట పడింది, మూత బిగుసుకొని పోయింది. లోపల ఎప్పటివో కొన్ని గింజలు గలగలమన్నాయి. లచ్చుమమ్మ చెయ్యి చాపింది. "ఇట్ల తే, నేను తీస్తాలే" అనింది.

"వద్దత్తా" అన్నాను. చీర కొంగుతో గట్టిగా పట్టుకొని, మూత నేనే తీసినాను.